విదేశాల్లో తిరిగే ఈవీ (కరెంటు కారు) తిరుపతికి వచ్చేదాకా ఆగాలా, ఉన్నదాంట్లో ఒకటి కొనేయాలా?

రేణిగుంట రోడ్డు | 2025 నవంబర్ 2, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఈ ప్రశ్న ఇక్కడ ముక్కలు ముక్కలుగా చాలాసార్లు వచ్చింది. ఒకచోట తేలితే బాగుంటుందని పెడుతున్నా.

బడ్జెట్ ఆన్‌రోడ్ పాతిక లక్షలు. ఐదుగురం. నెలకు 1,200 కిలోమీటర్లు, అందులో చెన్నైకి ఒకటి రెండు సార్లు, కొండకు ఒకసారి. ఇప్పుడున్న పెట్రోలు కారు లీటరుకు 15 ఇస్తుంది. మారుతి ఈ-విటారా గుజరాత్‌లో హన్సల్‌పూర్ ఫ్యాక్టరీలోనే తయారవుతోంది. ఆగస్టు 26న ప్రధాని జెండా ఊపి ఎగుమతి మొదలుపెట్టారు, ఓడలెక్కి యూరప్ పోతోంది. మనకు మాత్రం ఇవాళ్టికీ ధర చెప్పలేదు. టెస్లా జులైలో ముంబైలో షోరూం తెరిచింది. బయట వీడియోల్లో చూస్తే ఇంకా పది మోడళ్ళు ఊరిస్తున్నాయి.

ఆగితే లాభమా నష్టమా? అభిప్రాయం కంటే లెక్క చెప్తే మేలు.

చిత్తూరు మామిడి | ఉదయం 8:15

ఆగడానికి ఖర్చేముందిలే అనుకుంటారు అందరూ. ఉంది సార్. మీ అంకెలతోనే చూద్దాం.

1,200 కిలోమీటర్లకు 80 లీటర్లు. లీటరు సుమారు 110 అనుకుంటే 8,800. ఈవీ యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు పోతే 185 యూనిట్లు కావాలి, చార్జింగ్‌లో వేడిగా పోయే పన్నెండు శాతం కలిపితే మీటరు మీద 207 తిరుగుతుంది. మీ ఇంటి వాడకం ఇప్పటికే 200 యూనిట్లు ఉందనుకోండి, 225 దాటాక యూనిట్ 8.75 రూపాయల శ్లాబు. అంటే మొదటి 25 యూనిట్లు 6 రూపాయల శ్లాబులో, మిగతా 182 ఆ పై శ్లాబుల్లో. కలిపి 1,750 లోపు. సర్దుబాటు చార్జీలు, విద్యుత్ సుంకం వేరు. నెలకు ఏడు వేలు మిగులుతుంది, ఏడాది ఆగితే 84 వేలు పెట్రోలు బంకులో పోసినట్టే. కొత్త మోడల్ అంతకంటే చవగ్గా వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే ఆగండి.

పబ్లిక్ డీసీ చార్జర్‌లో (బయట వేగంగా నింపేది) లెక్క మారుతుందని కూడా గుర్తుంచుకోండి. యూనిట్ 20 రూపాయలు, మీద 18 శాతం జీఎస్టీ, 23.60. కిలోమీటరుకు 3.60 పైనే. ఇంట్లో చార్జింగ్ లేనివాళ్ళకు నేను చెప్పిన ఏడు వేలు నాలుగున్నర వేలకు దిగుతుంది.

కరకంబాడి కిలోవాట్ | ఉదయం 9:02

మామిడి గారూ, మీ లెక్కలో ఒక పక్కే ఉంది. 20 లక్షల కారుకు ఆరు నెలలు దాటి ఏడాదిలోపు ఇన్సూరెన్స్ వాళ్ళే విలువలో 15 శాతం కోసేస్తారు, అంటే 3 లక్షలు. మీ 84 వేలు దానిముందు ఎంత?

రెండోది, బ్యాటరీలు ఎంత వేగంగా మారుతున్నాయో చూడండి. టాటా నెక్సాన్ ఈవీ 2020లో 30.2 యూనిట్ల బ్యాటరీతో వచ్చింది, 2024 సెప్టెంబర్‌కి 45 అయ్యింది. ఎంజీ విండ్సర్ 2024 సెప్టెంబర్‌లో 38 యూనిట్లతో వచ్చి, 2025 మేలో 52.9 యూనిట్ల ప్రో వచ్చేసింది. ఎనిమిది నెలలంతే! మొదట కొన్నవాళ్ళు చేతిలో పెట్టుకున్నది పాత మోడల్ అయిపోయింది. అందుకే నేను ఆగమంటా, కనీసం ఈ-విటారా ధర బయటికొచ్చేదాకా. అది రాగానే మిగతావాళ్ళు కూడా డిస్కౌంట్లు ఇస్తారు.

చిత్తూరు మామిడి | ఉదయం 9:20

కిలోవాట్ అన్నా, ఆ 3 లక్షలు ఇప్పుడు కొన్నా పోతాయి, వచ్చే ఏడు కొన్నా పోతాయి. ఆగడం వల్ల తప్పే ఖర్చు కాదది, వెనక్కి జరిగే ఖర్చు. తప్పేది పాత కారు తరుగుదల కూడా కాదు, అది ఇంకో ఏడు పాతబడుతుంది. బ్యాటరీ పెద్దదవుతుందనే లెక్కన పోతే ఎవరూ ఎప్పటికీ ఏదీ కొనలేరు. విండ్సర్ 38 కొన్నాయనకు తిరుపతి ఊళ్ళో తిరగడానికి ఆ 38 ఇప్పటికీ ఎక్కువే.

డిస్కౌంట్ల మాట మాత్రం ఒప్పుకుంటా. పోటీ వస్తే డీలర్ బేరానికి వస్తాడు.

శ్రీకాళహస్తి సర్క్యూట్ | ఉదయం 10:35

పాతిక లక్షల బడ్జెట్ అంటున్నారు కాబట్టి దిగుమతి కార్లను ముందే జాబితాలోంచి తీసేద్దాం. ఎందుకో ఒకసారి లెక్క వేసి చూపిస్తా, మళ్ళీ మళ్ళీ ఎవరూ అడగకుండా.

పూర్తిగా తయారై వచ్చే కారుకు ఓడ కిరాయి, బీమా కలిపిన విలువ 40,000 డాలర్ల లోపుంటే కస్టమ్స్ సుంకం 70 శాతం. దాటితే ఈ ఏడాది బడ్జెట్ తర్వాత సుంకం 70, సెస్సు 40, కలిపి 110. రేవుకు 35,000 డాలర్లకు చేరిన కారు తీసుకోండి. డాలరు 88 అనుకుంటే 30.8 లక్షలు. 70 శాతం కలిపితే 52.4. దానిమీద ఈవీకి 5 శాతం జీఎస్టీ, 55 లక్షలు. ఇంకా షోరూం ఖర్చు, కంపెనీ లాభం, రోడ్డు టాక్సు, ఇన్సూరెన్స్ రాలేదు. షాంఘైలో తయారయ్యే టెస్లా మోడల్ వై ముంబైలో 59.89 లక్షల ఎక్స్‌షోరూం దగ్గర మొదలవడం చూసి జనం ఆశ్చర్యపోయారు గానీ, సుంకం లెక్క తెలిసినవాళ్ళకు అది ముందే తెలిసిన అంకె.

మరి తగ్గించే దారి లేదా? ఉంది. 2024 మార్చిలో కేంద్రం ఒక పథకం తెచ్చింది. ఇక్కడ 4,150 కోట్లు పెట్టుబడి పెట్టి ఫ్యాక్టరీ కడతానని ఒప్పుకున్న కంపెనీ, 35,000 డాలర్లు అంతకుమించి విలువున్న ఈవీలను ఏడాదికి 8,000 దాకా 15 శాతం సుంకానికే తెచ్చుకోవచ్చు. టెస్లాకు ఇక్కడ తయారీ మీద ఆసక్తి లేదు, షోరూములే పెడుతుందని కేంద్ర మంత్రి కుమారస్వామి జూన్‌లోనే చెప్పేశారు. బ్రిటన్‌తో జులైలో సంతకం చేసిన ఒప్పందంలోనూ ఈవీలకు మొదటి ఐదేళ్ళు రాయితీ లేదు. చైనా కంపెనీ బీవైడీ ఇక్కడ ఫ్యాక్టరీ పెడుతుందని కొందరి ఆశ. పొరుగు సరిహద్దు దేశాల పెట్టుబడికి 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం అనుమతి తప్పనిసరి. హైదరాబాద్ మేఘా కంపెనీతో కలిసి బీవైడీ పెట్టిన వంద కోట్ల డాలర్ల ప్రతిపాదన 2023లో అక్కడే ఆగిపోయింది.

2016లో టెస్లా మోడల్ 3కి వెయ్యి డాలర్లు కట్టి బుక్ చేసుకున్నవాళ్ళకు తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చింది ఆ కారు కాదు, డబ్బు వాపసు ఇస్తామనే మెయిల్.

పీలేరు పిల్లోడు | ఉదయం 11:10

సర్క్యూట్ అన్నా, ఒక మాట. కువైట్‌లో, దుబాయ్‌లో ఉండేవోళ్ళు చానామంది అడగతా ఉండారు. ఆడ చైనా ఈవీలు చవగ్గా దొరకతాయంట. వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకుంటే ఆర్టీవో ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయితాదా?

శ్రీకాళహస్తి సర్క్యూట్ | ఉదయం 11:25

కాదబ్బా. గల్ఫ్ కార్లు ఎడమవైపు స్టీరింగ్. మన దిగుమతి నియమాల్లో స్టీరింగ్ కుడివైపు ఉండాలి, హెడ్‌లైట్ కాంతి ఎడమ పక్క నడిచే ట్రాఫిక్‌కు సరిపోవాలి. వాడిన కారు అయితే మూడేళ్ళలోపుది కావాలి, అదీ ముంబై రేవు గుండానే. ఆర్నెల్లకు తాత్కాలికంగా కార్నే పత్రం మీద తెచ్చి తిప్పి తీసుకుపోవచ్చు, అంతే.

చార్జింగ్ సాకెట్ ఇంకో తలనొప్పి. చైనా మార్కెట్‌కు తయారై గల్ఫ్‌కు దొడ్డిదారిన వచ్చే కార్లకు జీబీ/టీ సాకెట్ ఉంటుంది. మన దగ్గర కార్లకు వేగంగా నింపే డీసీకి సీసీఎస్2, ఇంట్లో పెట్టుకునే ఏసీ కరెంటుకు టైప్ 2. చెన్నై హైవే మీద ఒక్క చార్జింగ్ గన్ను కూడా దానికి పట్టదు. యాప్ చైనా సర్వర్‌తో మాట్లాడేది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాదు. ఆ చవక చవక కాదు.

అలిపిరి ఆంపియర్ | మధ్యాహ్నం 12:50

ఇప్పటిదాకా అందరూ కారు దేశానికి ఎప్పుడొస్తుందనే మాట్లాడారు. దేశానికి రావడం వేరు, తిరుపతికి రావడం వేరు. నా వాదన అంతా ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ మీదే. ఆగేవాళ్ళు లాంచ్ తేదీ కోసం కాదు, మన ఊరి వర్క్‌షాపు తయారయ్యే తేదీ కోసం ఆగాలి.

ఒక కారు బయటి దేశంలో అమ్ముడవుతోందంటే ఇక్కడ మొదట అయ్యేది హోమోలొగేషన్. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి సంస్థలు కారును మన ప్రమాణాలకు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. ఈవీ బ్యాటరీ భద్రతకు ఏఐఎస్-038 అనే ప్రమాణం, దాని రెండో సవరణ ఉంది. బ్యాటరీ మంటల ఘటనల తర్వాత దాన్ని ఇంకా బిగించి, 2022 డిసెంబర్ నుంచి ఒక దశ, 2023 మార్చి చివరి నుంచి రెండో దశ అమల్లో పెట్టారు. కుడి స్టీరింగ్‌తో, యూరప్, జపాన్ ప్రమాణాలకు తయారైన కార్లను ఏడాదికి 2,500 వరకు ఇక్కడి పరీక్ష లేకుండా తేవచ్చు. అందుకే ఖరీదైన కార్లు తొందరగా వస్తాయి, చవకవి ఆలస్యమవుతాయి. 2,500 కార్లతో పాతిక లక్షల మోడల్‌ను ఎవరూ నడపరు.

తర్వాత ఇక్కడి రోడ్డుకు మార్పులు. సస్పెన్షన్ ఎత్తు, ఏసీ సామర్థ్యం, బ్యాటరీ చల్లబరిచే లూపు. మేలో మన ఊరు 42, 43 డిగ్రీలు. పైన ఎండ, కింద తారు, హైవే మీద నుంచి వచ్చి నేరుగా డీసీ గన్ను పెడితే కంప్రెసర్ ఒక పక్క మిమ్మల్ని, ఇంకో పక్క బ్యాటరీని చల్లబరచాలి. చల్లబడకపోతే కారే చార్జింగ్ వేగం తగ్గించుకుంటుంది. చలిదేశం రివ్యూలో 30 నిమిషాలు అన్నది ఇక్కడ 45 అవుతుంది. కారులో లోపం ఉందని గొడవపడతారు.

అక్కడినుంచి డెలివరీలు. ముంబై, ఢిల్లీ, పుణె, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ అయ్యాక మన వంతు. టెస్లా మొదటి బుకింగుల్లో మన జిల్లా ఊసే లేదు. మారుతి అయితే ఊరూరా వర్క్‌షాపులున్నాయి కాబట్టి తొందరగానే వస్తుంది. కానీ పెట్రోలు కారు సర్వీసు చేసే బే (కారు నిలిపి పనిచేసే చోటు), ఈవీ బే ఒకటి కాదు. షోరూంలో కారు చూశాక వెనక వర్క్‌షాపులోకి నడవండి, సర్వీస్ మేనేజర్‌ను ఇవి అడగండి.

హై వోల్టేజ్ శిక్షణ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ ఇక్కడే ఉన్నాడా, చెన్నై నుంచి రావాలా? 1,000 వోల్టుల రబ్బరు గ్లోవ్స్ మీద పరీక్ష తేదీ ఎప్పటిది? (చూపించమంటే మొహం చూసుకుంటారు, అప్పుడే సగం తెలిసిపోతుంది.) బ్యాటరీ ప్యాకు 350 నుంచి 500 కిలోలుంటుంది, దాన్ని కిందికి దించే లిఫ్ట్ టేబుల్ ఉందా? ప్యాకు విప్పాల్సి వస్తే ఏ ఊరికి పంపుతారు, అన్నాళ్ళు వేరే కారు ఇస్తారా? దారిలో ఆగితే ఫ్లాట్‌బెడ్ (కారును మొత్తంగా పైకి ఎక్కించుకునే లారీ) ఎక్కడినుంచి వస్తుంది? ఈవీని తాడు కట్టి లాగకూడదు. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు తయారుచేస్తుంది, ఇన్వర్టర్ పోవచ్చు. కొన్ని మోడళ్ళలో కూలెంట్ కూడా వేరు, కరెంటు ప్రసరించనిది పోయాలి. మామూలు ఆకుపచ్చ కూలెంట్ పోస్తే ఇన్సులేషన్ లోపం చూపించి కారు రెడీ మోడ్‌లోకి రానని మొండికేస్తుంది.

వీటికి సూటిగా జవాబిచ్చే కంపెనీ ఏదైతే అది కొనండి. బ్యాడ్జి ఏదైనా సరే.

కరకంబాడి కిలోవాట్ | మధ్యాహ్నం 1:30

ఆంపియర్ గారు చెప్పింది నా పక్షానికే బలం. వర్క్‌షాపు తయారయ్యేదాకా ఆగమనే కదా నేను కూడా అంటున్నది.

అలిపిరి ఆంపియర్ | మధ్యాహ్నం 1:42

ఒక్క తేడా ఉంది. ఇప్పటికే తయారైన వర్క్‌షాపులున్న కార్లు మూడు నాలుగు ఉన్నప్పుడు, తయారు కాని దాని కోసం ఎందుకు ఆగాలి? హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ చెన్నై పక్కన తయారవుతోంది, జనవరిలో 17.99 లక్షల దగ్గర మొదలైంది. కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీ మన పెనుకొండలోనే తయారవుతోంది, జులైలో అదే 17.99. బంపరు పగిలితే విడిభాగం రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అదే మోడల్ వైకి 19 అంగుళాల టైరు చీలితే? స్టెప్నీ లేదు, ఊళ్ళో ఆ సైజు దొరకదు.

మదనపల్లె టమోటా | మధ్యాహ్నం 2:05

ఘాట్ రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదేంది సామీ? కొండకు ఐదుగురు ఎక్కితే చిన్న బ్యాటరీ సగం ఖాళీ అయితాదని, దిగేటప్పుడు బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ (మోటారే బ్రేకు మాదిరి ఆపి బ్యాటరీకి కరెంటు పంపేది) పనిచేయక బ్రేకులు కాలతాయని వింటా ఉండాం. అందుకే 70, 80 యూనిట్ల బ్యాటరీ ఉండే కార్లొచ్చేదాకా ఆగమంటా ఉండారు.

శ్రీకాళహస్తి సర్క్యూట్ | మధ్యాహ్నం 2:40

భయం ఎక్కువ, లెక్క తక్కువ. తిరుపతి నుంచి తిరుమలకు నిలువుగా ఎక్కేది సుమారు 700 మీటర్లు. 1,800 కిలోల కారు, మనుషులు సామాను 350, మొత్తం 2,150 కిలోలు. ఈ బరువును 700 మీటర్లు ఎత్తడానికి 4.1 యూనిట్లు. రోడ్డు రాపిడికి, గాలికి ఇంకో ఒకటిన్నర. మోటారు, ఇన్వర్టర్ నష్టం, ఏసీ కలిపి 7 దగ్గర తేలుతుంది. 45 యూనిట్ల బ్యాటరీలో 15 శాతం. సగం ఎక్కడ?

దిగేటప్పుడు ఆ 4.1లో రాపిడికి పోగా మిగిలినదాంట్లో ముప్పావు వంతు తిరిగి వస్తుందనుకుంటే 2 యూనిట్లు. పోనూ రానూ కలిపి 5 యూనిట్లు ఖర్చు. యూనిట్ 8.75 అయినా 45 రూపాయలు లేదు.

రీజెన్ మాట నిజమే, కానీ సందర్భం వేరు. బ్యాటరీ 100 దగ్గరుంటే వచ్చే కరెంటుకు చోటుండదు, కారు రీజెన్ తగ్గించేస్తుంది, పెడల్ బ్రేకు మీదే దిగాలి. అయితే కింద 100 పెట్టుకుని బయల్దేరినా పైకి చేరేసరికి 85. దిగడానికి చోటు చాలా ఉంటుంది. పైన చార్జ్ పెట్టి పూర్తిగా నింపి దిగేవాళ్ళకే ఆ ఇబ్బంది. పైన నింపాల్సి వస్తే 90 దగ్గర ఆపేయండి.

ఆర్టీసీ వాళ్ళు 2022 సెప్టెంబర్ నుంచి ఇదే ఘాట్ మీద ఎలక్ట్రిక్ బస్సులు నడుపుతున్నారు. బస్సు బరువు మన కారుకు ఎన్ని రెట్లో చెప్పక్కర్లేదు.

పెద్ద బ్యాటరీ నిజంగా పనికొచ్చేది బెంగళూరు రోడ్డుకు. 250 కిలోమీటర్లు, పైగా నికరంగా 700 మీటర్ల పైన ఎక్కుడు, చిత్తూరు దాటాక మొగిలి ఘాట్, పలమనేరు, అక్కడినుంచి పీఠభూమి. హైవే వేగంలో కిలోమీటరుకు 0.155 యూనిట్ చొప్పున 39, ఎత్తుకు ఇంకో 4. మొత్తం 43. 45 బ్యాటరీతో ఒక్క ఊపులో పోవాలని చూడొద్దు, దారిలో అరగంట ఆగండి. 60 ఉంటే ఆగకుండా పోవచ్చు, అదీ వేగం వంద దాటకుండా నడిపితే. వచ్చేటప్పుడు దిగుడు కాబట్టి అదే కారు ధారాళంగా వస్తుంది.

చెన్నై పోనూ రానూ 280, అదీ దాదాపు 43 యూనిట్లే. రేణిగుంట రోడ్డు గారికి 45 బ్యాటరీ అయితే చెన్నైలో ఒకసారి చార్జింగ్ పెట్టుకోవాలి, 60 అయితే అక్కర్లేదు. ఎంచుకోవాల్సింది దీన్నిబట్టి.

పీలేరు పిల్లోడు | మధ్యాహ్నం 2:58

డీసీలో పెడితే 18 నిమిషాల్లో 80 శాతం అయ్యే కార్లు ఉండాయంటనే? అయొస్తే పెద్ద బ్యాటరీతో పనే ల్యా కదన్నా.

శ్రీకాళహస్తి సర్క్యూట్ | మధ్యాహ్నం 3:10

హ్యుందాయ్ అయానిక్ 5 అట్లాంటిదే, 2023 నుంచి ఇక్కడ దొరుకుతోంది. 800 వోల్టుల కారు, 18 నిమిషాలు 350 కిలోవాట్ల చార్జర్ దగ్గర. మన హైవేల మీద ఎక్కువ కనిపించేది 60 కిలోవాట్లది, రెండు గన్నులు. పక్కన ఇంకో కారు పెడితే మీకు 30. దాని 72.6 బ్యాటరీలో 10 నుంచి 80కి 51 యూనిట్లు కావాలి, ఒంటరిగా ఉన్నా 55 నిమిషాలు. కారు వేగంగా తాగగలదు, బోరులో నీళ్ళు రావొద్దూ?

అలిపిరి ఆంపియర్ | మధ్యాహ్నం 3:30

అయానిక్ 5 మాట వచ్చింది కాబట్టి, బయట బాగా పేరొచ్చిన కారు ఇక్కడ కూడా అట్లే ఉంటుందని నమ్మేవాళ్ళకు ఒక సంగతి. దాంట్లోనూ, కియా ఈవీ6లోనూ ఐసీసీయూ అనే భాగం ఉంది. పెద్ద బ్యాటరీ నుంచి చిన్న 12 వోల్టుల బ్యాటరీకి కరెంటు ఇచ్చేది అదే. అది సరిగా పనిచేయకపోతే చిన్న బ్యాటరీ దిగిపోయి కారు దారిలో ఆగిపోవచ్చు. 2024లో ఇక్కడే అయానిక్ 5 కార్లు 1,744, ఈవీ6 కార్లు 1,138 వెనక్కి పిలిచారు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు లేవకపోవడానికి చాలాసార్లు కారణం ఆ చిన్న బ్యాటరీయే. పది పదిహేను రోజులు కదలకుండా పెట్టినా దిగిపోవచ్చు. (మన కరకంబాడిలో తయారయ్యే మామూలు కారు బ్యాటరీల జాతిదే, లక్షల కారును మూలన కూర్చోబెడుతుంది.)

మొదటి బ్యాచ్ కొనొద్దు అనేవాళ్ళు దీన్నే చూపిస్తారు. నేను ఒప్పుకుంటా. ఈ-విటారా రేపే వచ్చినా మొదటి ఆరు నెలలు చూడాలి. అంటే కిలోవాట్ అన్న చెప్పే ఆగడం ఇంకో ఆరు నెలలు పొడవు అవుతుంది.

కరకంబాడి కిలోవాట్ | మధ్యాహ్నం 3:55

ఈ-విటారా ఆగస్టు నుంచి బయటికి పోతోంది కదా. మనకు వచ్చేసరికి ఆ మొదటి బ్యాచ్ కష్టాలు యూరప్‌వాళ్ళు పడి ఉంటారు. ఎగుమతి ముందు జరగడం మనకు మంచిదే. ఆలస్యానికి కారణం కూడా మారుతి నిర్లక్ష్యం కాదు. ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతిని బిగించింది, మోటార్లకు అవే ప్రాణం. మన దేశంలో ఈవీ తయారీదార్లు ఒకరిద్దరు కాదు, చాలామంది ఇబ్బంది పడ్డారు.

చిత్తూరు మామిడి | మధ్యాహ్నం 4:10

యూరప్‌లో 43 డిగ్రీల ఎండలో ఏసీ పూర్తిగా పెట్టి బోయకొండకు ఎవరు పోయారన్నా?

కరకంబాడి కిలోవాట్ | మధ్యాహ్నం 4:14

ఆ ఒక్కటీ ఒప్పుకుంటా.

పాకాల జంక్షన్ | సాయంత్రం 5:45

ఆగేవాళ్ళయినా ఇప్పుడే కొనేవాళ్ళయినా ఇంట్లో పని ఒకటే, అది ముందు చేయించండి. వచ్చేది ఏ కారైనా టైప్ 2 గన్నే కాబట్టి ఈ ఖర్చు వృథా పోదు. వైరింగ్ పని తెలిసినవాడిగా చెప్తున్నా.

రోజుకు 40 కిలోమీటర్లు అంటే 7 యూనిట్లు. 16 ఆంపియర్ల సాకెట్ నుంచి వచ్చే 2.8 కిలోవాట్లకు రెండున్నర గంటల పని. 7.2 కిలోవాట్ల గోడ చార్జర్ లేకపోతే బతకలేమని సేల్స్‌వాళ్ళు చెప్పేది అందరికీ వర్తించదు. 60 బ్యాటరీని 10 నుంచి 100కి ఒక్క రాత్రిలో నింపాల్సిన అవసరం పడేవాళ్ళకే అది కావాలి. చిన్న సాకెట్‌తో అదే పని 20 గంటల పైనే.

చిన్న సాకెట్ అయినా గీజర్ లైనుకు తగిలించొద్దు. పాత ఇళ్ళలో అది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎన్నో జాయింట్లు. గంటసేపు గీజరుకు తట్టుకుంటుంది, ఆరు గంటలు ఆగకుండా 13 ఆంపియర్లు లాగితే సాకెట్ వెనక స్క్రూ దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, నీలంరంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టండి. గోడ చార్జర్ అయితే 6 వైరు, దూరం 20 మీటర్లు దాటితే 10. ముందు 40 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే ఆపేది), 30 మిల్లీ ఆంపియర్ల టైప్ ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది). చార్జర్‌లో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీ గుర్తించే ఏర్పాటు ఉందా కనుక్కోండి. లేకపోతే టైప్ బి ఆర్‌సీసీబీ పెట్టాలి, ధర ఎక్కువ.

అసలు ఇబ్బంది ఎర్తింగ్. కొత్త కారు వచ్చిన రోజు ఎర్ర లైటు వెలిగి చార్జ్ కాలేదంటే పదికి ఏడెనిమిది ఇళ్ళలో కారణం ఇదే. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 5 వోల్టుల లోపే ఉండాలి, రెండు మూడుంటే ఇంకా మంచిది. కొండ దగ్గరి కాలనీల్లో నాలుగడుగులకే రాయి తగులుతుంది, ఎర్త్ గుంత సగంలో ఆపేస్తారు. మూడు మీటర్ల రాడ్ దిగకపోతే రెండు గుంతలు తీసి కలపాలి. బెంటొనైట్ పొడి (తేమ పట్టి ఉంచే బంకమట్టి) పోయాలి, వేసవిలో నీళ్ళు పోస్తుండాలి. ఎర్త్ కొలిచే మీటరు పెట్టి 5 ఓముల లోపు చూపిస్తేనే డబ్బులివ్వండి.

కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్‌లో లోడు పెంపుకు దరఖాస్తు కూడా ముందే పెట్టండి. ఆఫీసు మన ఊళ్ళోనే ఉన్నా సంబంధించిన సెక్షన్ ఏఈ వచ్చి చూడాలి. ఏఈనే అడగండి, మీ లోడుకు త్రీఫేజ్ అవసరమా, ఈవీకి విడిగా మీటరు పెట్టుకుంటే మీకు లాభమా అని. ఆ కేటగిరీలో ధర శ్లాబులతో పాటు పెరగదు. నెలకు 400 యూనిట్లు దాటే ఇళ్ళకు తేడా తెలుస్తుంది. అపార్టుమెంటు అయితే అసోసియేషన్ కాగితం, మీటరు గది నుంచి మీ పార్కింగ్ దాకా కేబుల్ దారి, ఈ రెండింటికే నెల పడుతుంది.

మదనపల్లె టమోటా | సాయంత్రం 6:20

ఇది పిన్ చేసి పెట్టండి మోడరేటర్ గారూ.

రేణిగుంట రోడ్డు | రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. పాకాల జంక్షన్ గారు చెప్పిన కేబుల్, ఎర్తింగ్ ఈ నెల్లోనే చేయిస్తా. దిగుమతి కార్లు నా జాబితాలోంచి పోయాయి. 60 దగ్గర బ్యాటరీ కావాలని తేలింది. ఈ-విటారాలో పెద్దది 61 కాబట్టి దాని ధర కోసం జనవరి దాకా చూస్తా, రాకపోతే ఉన్నవాటిలో ఒకటి. ఇంకో సందేహం. చాలా కంపెనీలు బ్యాటరీకి జీవితకాలం వారంటీ అంటున్నాయి, అది నమ్మొచ్చా?

చిత్తూరు మామిడి | రాత్రి 8:50

జనవరి దాకా అంటే సంక్రాంతి, తర్వాత ఉగాది, తర్వాత దసరా. సరే, మీ ఇష్టం సార్.

జీవితకాలం అన్నది సాధారణంగా మొదటి ఓనరుకు, సొంత వాడకానికి మాత్రమే. అమ్మితే రెండో ఆయనకు ఏళ్ళు, కిలోమీటర్ల పరిమితి మొదలవుతుంది, అమ్మకం ధర కూడా దాన్నిబట్టే పలుకుతుంది. టాక్సీ ప్లేటు వేసినా పోతుంది. కింద రాయి తగిలి ప్యాకు కేసు సొట్టపడితే అది వారంటీ కాదు, ఇన్సూరెన్స్. అందుకని ఇన్సూరెన్స్‌లో బ్యాటరీకి యాడ్‌ఆన్ (అదనపు కవరు) తీసుకోండి. బుకింగ్ డబ్బు కట్టేటప్పుడు రీఫండ్ షరతు రసీదు మీద రాసి ఉందో లేదో చూసుకోండి, నోటిమాట చెల్లదు.

అలిపిరి ఆంపియర్ | రాత్రి 9:15

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే పోవద్దు. ఐదుగురినీ, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళను వెనక సీట్లో కూర్చోబెట్టండి. బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి చాలా ఈవీల్లో వెనక నేల ఎత్తు. మోకాళ్ళు పైకి లేచి తొడల కింద ఆనిక ఉండదు, బెంగళూరు దాకా ఐదు గంటలు అట్లా కూర్చోలేరు. వాళ్ళందరితో ఊళ్ళో ఉన్న పెద్ద స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒకసారి నడపండి, కింద తగులుతుందో లేదో అక్కడే తేలుతుంది.